కాలి కింద అద్దం

అండాలు వస్తున్నదని ఆ టవర్లో ఆమె కంటే ముందు ఆమె బూట్లు చెప్పేవి. లిఫ్టు తలుపులు తెరుచుకోగానే గ్రానైటు మీద టక్ టక్‌మని ఒకే తీరుగా చప్పుడు మొదలయ్యేది. అది వినగానే పాంట్రీలో ముచ్చట్లు పెట్టుకున్న ఆడవాళ్ళు తుడిచే గుడ్డలు చేతికి తీసుకునేవారు. ఆమె ఎవరినీ గట్టిగా కసిరేది కాదు. వాష్‌బేసిన్ కింద పైపు గోడలోకి పోయే చోట వేలు పెట్టి రాసి, ఆ వేలు వాళ్ళకు చూపించేది. అంతే.

"కనపడే కాడ ఎవలైనా తుడుస్తరు బిడ్డా," అనేది. "కనపడని కాడ తుడిస్తెనే పని చేసినట్టు."

పెళ్ళయిన కొత్తలో భర్త ఎల్లేశంతో నల్గొండ దిక్కు నుంచి వచ్చి, మొదట కట్టే భవనాల దగ్గర ఇటుకలు మోసింది. తరువాత అలాంటి భవనాల్లోనే నేల తుడిచింది. ఇప్పుడు హైటెక్ సిటీలో ఒక టవర్ మొత్తానికి హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్. నీలం చీర, మెడలో కార్డు, చేతిలో వాకీటాకీ, కాళ్ళకు నల్లబూట్లు. ఆ టవర్ బాగోగులు చూసే మేనేజరు చలపతిరావు గోదావరి వైపు మనిషి. "మీరు ఒక్కరోజు సెలవు పెడితే ఈ బిల్డింగు నాకు వేరే బిల్డింగులా కనిపిస్తుందండి, అండాలు గారూ," అని నలుగురిలో అనేవాడు. ఆ మాటకు ఆమె మొహమాటపడేది కాదు. నిజమే కదా అన్నట్టు తల ఊపేది.

ఎల్లేశం అదే టవర్లో సెక్యూరిటీ. కార్లు కిందికి దిగే దారి దగ్గర అతని డ్యూటీ. పొడుగాటి కర్రకు అడుగున చక్రాలు, వాటి మీద గుండ్రటి అద్దం. వచ్చిన ప్రతి కారు కిందికీ దాన్ని తోసి, అటూ ఇటూ చూసి, పొమ్మని చేయి ఊపుతాడు. కొత్తగా చేరిన గార్డులతో, "పైనుంచి కింది దాక మా ఇంటామెది. నాది గీ గేటు ఒక్కటే," అంటాడు. ఆ మాట అనేటప్పుడు అతని ఛాతీ కాస్త ముందుకు వస్తుంది.

అండాలుకు షుగర్ ఉన్నట్టు కొన్నేళ్ళ కింద కంపెనీలో పెట్టిన వైద్య శిబిరంలో తెలిసింది. గోళీలు వేసుకుంటున్నది. చాయలో చక్కెర మానేసింది. రాత్రిపూట జొన్నరొట్టె తింటున్నది. ఒకప్పుడు పడుకోగానే అరికాళ్ళు కారం పూసినట్టు మండేవి. తడిగుడ్డ చుట్టుకుని పడుకునేది. తరువాత్తరువాత ఆ మంట తగ్గుతూ వచ్చి, ఒకనాటికి పూర్తిగా పోయింది. రోగం తోక ముడిచిందనుకుని ఆమె సంతోషపడింది. పక్కింటివాళ్ళకు కూడా చెప్పింది, నేను నోరు కట్టుకున్న, మంట పోయింది అని.

ఆ ఏడు వానలు పడుతుండగా కంపెనీ కొత్త బూట్లు ఇచ్చింది. ఎప్పుడూ తీసుకునే సైజే వేసుకుని నాలుగడుగులు వేస్తే కాళ్ళకు ఏమీ లేనట్టే అనిపించింది. ఊడిపోతాయేమోనని ఒక సైజు తక్కువ అడిగింది. ఇవి గట్టిగా పట్టుకున్నాయి. బూటు తొడిగినట్టు తెలుస్తున్నది. ఇంక జారదు అనుకున్నది.

వాళ్ళ బిడ్డ ప్రవళిక బాచుపల్లిలో ఫార్మసీ చదువుతున్నది. ఒక సాయంత్రం చందానగర్‌లోని ఇంట్లో రొట్టెలు చేస్తున్న తల్లి పక్కన కూర్చుని మాటల్లో మంట సంగతి విన్నది. చేతిలో పట్టిన గిన్నె కింద పెట్టింది.

"అమ్మా, మంట తగ్గలేదు. తెలిసే నరమే మొద్దువారింది."

"నాకు మంచిగనే ఉన్నది పో."

"మంచిగున్నట్టు అనిపించుడే దాని మోసం. రోజు కాళ్ళు చూసుకోవాలె, అరికాళ్ళతో సహా. నేను పొద్దుగాల బస్సెక్కితె చీకటి పడ్డంక వస్త. నీకేమో మోకాళ్ళు వంగవు, అరికాలు కనవడదు." తండ్రి వైపు తిరిగింది. "నాయినా, నువ్వే చూడాలె."

ఎల్లేశం తువ్వాలతో మొహం తుడుచుకుంటూ, "చూస్త. అదేమన్న కష్టమా," అన్నాడు.

అండాలు రొట్టె పెనం మీదే వదిలి లేచింది. "ఏంది చూసేది? మొగనితోని కాళ్ళు పట్టించుకుంటదట అండాలు అని ఊరు ఊరంత నవ్వాలెనా? పాపం గూడ."

"పాపం ఎవలకు? నాకా, నీకా?"

"నాకే."

"అయితె నాకేం ఫికర్ లేదు," అన్నాడు ఎల్లేశం. ప్రవళిక నవ్వింది. అండాలు నవ్వలేదు. ఆ మాట అక్కడితో ఆగింది. రొట్టె మాడింది.

ఎల్లేశం వాదించే మనిషి కాదు. రెండు రోజుల తరువాత చందానగర్ మార్కెట్ నుంచి పేపరు చుట్టిన గుండ్రటి అద్దమొకటి తెచ్చాడు. భార్య కుర్చీలో కూర్చుని ఆకుకూర తెంపుతుంటే, ఆ అద్దాన్ని ఆమె కాళ్ళ ముందు నేల మీద పెట్టి, తాను దూరంగా గొంతుకూర్చుని ఫోను లైటు వేశాడు.

"బండి ఆపాలె. చెకింగ్."

"ఏంది ఈ ఆటలు?"

"ముట్టుడు లేదు, పట్టుడు లేదు. కాలు జర లేపి అద్దం మీదికెళ్ళి పెట్టు. గంతే. ఎంత పెద్ద సార్ల బండ్లు గూడ ఆగుతయి నా ముంగట. నువ్వు ఆగవా?"

అండాలు కాసేపు అతని మొహం చూసింది. నవ్వు ఆపుకోబోయింది కాని ఆగలేదు. పాదం లేపింది. అద్దంలో తన అరికాలు తనకే కొత్తగా కనిపించింది. మడమ దగ్గర పగుళ్ళు, బొటనవేలి కింద కాయకట్టిన తోలు. ఇన్నేళ్ళు ఈ కాళ్ళ మీదే తిరిగినా, వాటి అడుగు ఎట్లా ఉంటుందో చూసిన గుర్తులేదు.

"ముందు టైర్లు ఓకే," అన్నాడు ఎల్లేశం. "ఇగ వెనుక టైర్లు. ఆ మడమకు జర కొబ్బరినూనె రాయి. వేళ్ళ సందుల మాత్రం వద్దు, తడి నిలుస్తదని బిడ్డ చెప్పింది."

అట్లా అది వాళ్ళ ఇంట్లో అలవాటైంది. డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని, వేళ్ళ సందులు తుడుచుకుని, ఆమె కుర్చీలో కూర్చునేది. అతను లైటు వేసేవాడు. "లైసెన్స్ ఉన్నదా?" అనేవాడు ఒకరోజు. "హారన్ కొట్టకు," అనేది ఆమె. టీవీలో సీరియల్ నడుస్తుండగానే చెకింగ్ అయిపోయేది. ప్రవళిక వచ్చి, "అయిందా?" అంటే, ఇద్దరూ కలిసి "అయింది" అనేవారు.

బూట్ల సైజు మారిన సంగతి మాత్రం అండాలు ఇంట్లో చెప్పలేదు. చెప్పేంత విషయమని ఆమెకు తోచలేదు.

ఒక గురువారం సాయంత్రం ఎల్లేశం వేళాకోళం ఆపేశాడు. అద్దాన్ని జరిపాడు. లైటు దగ్గరికి తెచ్చాడు.

"ఎడమ కాలు. మట్టె ఉన్న వేలు. జర పక్కకు తిప్పు."

"ఏమైంది?"

"మట్టె కింద తడి ఉన్నది. నల్లగున్నది."

"చెమట అయి ఉంటది."

అతను మూలన విడిచిన సాక్స్ తీసి తిప్పి చూశాడు. వేలి దగ్గర రూపాయి బిళ్ళంత మరక, ఎండి గోధుమరంగుకు తిరిగింది. ఆమెకు చూపించాడు. వాష్‌బేసిన్ కింద రాసిన వేలు చూపించినప్పుడు తన కింది ఆడవాళ్ళు ఎట్లా నిలబడతారో, అండాలు అట్లా కూర్చుండిపోయింది.

"నొప్పి లేదు," అంది. "నిజంగ లేదు. ఉంటె చెప్పనా?"

ప్రవళిక బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి తల్లీతండ్రీ ఆ కుర్చీ దగ్గరే ఉన్నారు. పిల్ల సంచి కింద పడేసి తల్లి కాలు ఒళ్ళోకి తీసుకుంది. "అమ్మా, కండ్లు మూసుకో. నేను ఏ వేలు పట్టుకున్ననో చెప్పు."

"నడిమిది."

ప్రవళిక చిటికెన వేలు పట్టుకుని ఉంది.

"ఇప్పుడు?"

"ఇప్పుడు ఇడిచిపెట్టినవు."

పిల్ల వదిలిపెట్టలేదు. మట్టె ఉన్న వేలు రెండు వేళ్ళ మధ్య గట్టిగా నొక్కి పట్టుకుని ఉంది. అండాలు కళ్ళు తెరిచి అది చూసింది. గాజు తలుపు మీద ఒక వేలిముద్ర ఉన్నా దూరం నుంచే పట్టే మనిషి, తన వేలిని ఎవరు పట్టుకున్నారో తెలియక కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే ఎల్లేశం ఎక్సెల్ బండి మీద ఆమెను దగ్గర్లోని చిన్న దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరమ్మ పాదం కడిగించి, వెలుతురులో పెట్టి చూసింది. సన్నటి నైలాన్ పోగుతో అరికాలి మీద అక్కడక్కడ ఒత్తుతూ, తెలిసినప్పుడల్లా చెప్పమంది. అండాలు చెప్పవలసిన చోట చాలాసార్లు ఊరికే ఉండిపోయింది. తరువాత డాక్టరమ్మ ఆమె బూటు చేతిలోకి తీసుకుని పాదం పక్కన పెట్టింది.

"ఈ బూటు ఎవరిది?"

"నాదేనమ్మా."

"మీ పాదం కంటే చిన్నది. లోపల వెండి మట్టె. రోజంతా నడుస్తుంటే బూటు మట్టెను నొక్కింది, మట్టె వేలును కోసింది. మామూలు మనిషయితే మొదటి గంటలోనే అబ్బా అని బూటు తీసి పడేసేది. మీ నరానికి ఆ కబురు చెప్పే శక్తి తగ్గిపోయింది."

"తగ్గుతదా?" అని ఎల్లేశం అడిగాడు.

"పుండు తగ్గుతుంది. ఇంకా ఎముక దాకా పోలేదు, తొందరగా చూశారు. కాని ఆ వేలు వాచి ఉంది. మట్టె ఈ రోజే తీయాలి. ఉంచితే వేలు పోతుంది. వేలితో ఆగుతుందని కూడా నేను మాట ఇవ్వలేను." సబ్బు రాసి, దారం చుట్టి ప్రయత్నించింది. మట్టె కదలలేదు. "కోయాల్సిందే. దాన్ని కోసే పనిముట్టు ఇక్కడ లేదు. పెద్ద దవాఖానకు రాసిస్తాను, లేదా మార్కెట్లో నగలు చేసే ఔసలాయన దగ్గర జాగ్రత్తగా కోయించుకుని నేరుగా ఇక్కడికి రండి. కట్టు కడతాను."

అప్పటిదాకా అన్నిటికీ తల ఊపిన అండాలు చీర కుచ్చెళ్ళు కాళ్ళ మీదికి లాక్కుంది.

"మట్టె తియ్యను," అంది. లేచి బయటికి వచ్చేసింది.

ఎల్లేశం వెనకే వచ్చాడు. ఆమె బండి పక్కన నిలబడి ఉంది, రోడ్డు వైపు చూస్తూ. ముంబై హైవే మీద కంపెనీ బస్సులు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. వాటిలోని మనుషులు, ఇంకెవరో తుడిచిన నేల మీద నడవడానికి పోతున్నారు. ఆ నేల ఈ రోజు ఎట్లా ఉందో ఆమెకు తెలియదు.

"మా అవ్వ మట్టెలు తీసినప్పుడు నేను ఆడనే ఉన్న," అంది అండాలు అతని వైపు తిరగకుండా. "మా నాయిన పోయిన పదో దినం. ఇద్దరు ముసలోళ్ళు పట్టుకుని గుంజిన్రు. మా అవ్వ ఏడ్వలేదు. ఆ వేళ్ళ దిక్కే చూసుకుంట కూసున్నది. మల్ల ఎన్నడు కాళ్ళ దిక్కు చూసుకోలేదు. నువ్వు బతికుండంగ నా మట్టె ఎట్ల తీస్తరు?"

ఎల్లేశం టోపీ తీసి బండి హ్యాండిల్‌కు తగిలించాడు. డ్యూటీకి పోదామని యూనిఫాం వేసుకునే వచ్చాడు.

"మట్టె ఏమంటది?" అన్నాడు.

"ఏమంటది?"

"ఈమె మొగడు ఉన్నడు అంటది. గంతే గద దాని పని. నేను గీడ నీ ముంగట నిలబడి చెప్తున్న, నేనున్న అని. నా నోరు ఉండంగ ఆ ఎండి ముక్క ఎందుకు చెప్పాలె?"

అండాలు అతని వైపు చూసింది.

"నా డ్యూటీల బండి కింద ఏమన్న కనవడితె అది ఎవలదని అడగను. ఎంత పెద్దోడైనా బండి ఆగుతది. నీ కాలు కింద కనవడ్డది. నేను పోనియ్య." గొంతు కొంచెం తగ్గించాడు. "పెండ్లినాడు సన్నెకల్లు మీద నీ కాలు పెట్టించి తొడిగింది నేనే. నేను తొడిగింది నేనే తీస్త. ముసలోళ్ళు రారు, ఎవ్వలు రారు."

ఆమె బండి వెనక సీటు కొంగుతో తుడిచింది, అలవాటుగా. ఎక్కి కూర్చుంది.

మార్కెట్లో ఔసలాయన అప్పుడే దుకాణం తెరిచి దేవుని పటానికి అగరుబత్తి వెలిగిస్తున్నాడు. సంగతి విని చేతులు వెనక్కి తీసుకున్నాడు. "శుక్రవారం పూట ముత్తయిదువ మట్టె కొయ్యమంటవా అన్న? రేపు రారాదా?"

"పుండుకు శుక్రవారం తెలుస్తదా?" అన్నాడు ఎల్లేశం.

ఔసలాయన చిన్న రంపం, పల్చటి రేకు తీశాడు. ఆమెను ఎత్తు బల్ల మీద కూర్చోబెట్టారు. కాలు కదలకుండా ఎవరైనా పట్టుకోవాలి. ఎల్లేశం దుకాణం గడప దగ్గర, రోడ్డు మీద పోయేవాళ్ళందరికీ కనపడేట్టు, యూనిఫాంలోనే కింద కూర్చుని భార్య పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

కూరగాయల సంచులతో పోతున్న ఇద్దరు ఆడవాళ్ళు ఆగారు. పక్క దుకాణం అతను మెడ చాచాడు. అండాలు తల దించుకుంది. సిగ్గు చెవుల దాకా పాకింది. వేళ్ళ దగ్గర ఆమెకు ఏమీ తెలియడం లేదు. అరికాలు కింద అతని చేయి ఉందని కళ్ళే చెబుతున్నాయి. కాని చీలమండ దగ్గర, అతని బొటనవేలు ఆనిన చోట, వెచ్చగా తెలిసింది. అక్కడి నుంచి పైకి అంతా తనదే, అక్కడి నుంచి కిందికి ఇంక చూసి కాపాడుకోవాల్సిందే అని ఆమెకు ఆ వెచ్చదనంతోనే అర్థమైంది.

"ఏమైందన్న?" అని పక్క దుకాణం అతను అడిగాడు.

ఎల్లేశం తల ఎత్తాడు. "మా ఇంటామె. హైటెక్ సిటీల టవర్ మొత్తం ఆమె చేతుల్నే ఉంటది. దినమంత నడిచే కాలు. మంచిగుండాలె గద," అన్నాడు. గేటు దగ్గర కొత్త గార్డులకు చెప్పేటప్పటి గొంతే అది. అండాలు దించిన తల ఎత్తింది.

ఔసలాయన రేకును మట్టెకూ వేలికీ మధ్య దూర్చి, ఊపిరి బిగబట్టి కోశాడు. రెండు కొసలూ పట్టుకారుతో విడదీసి, "ఇగ నువ్వే తియ్యి," అన్నాడు ఎల్లేశంతో. అతను తీశాడు. వేలి చుట్టూ లోతుగా గాడి పడి ఉంది. రెండో కాలి మట్టె సబ్బునీళ్ళకే వచ్చేసింది. రెంటినీ జేబురుమాలులో కట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అక్కడి నుంచి నేరుగా డాక్టరమ్మ దగ్గరికి పోయారు. ఇంటికి వచ్చాక ఆ రుమాలు దేవుని గూట్లో పెట్టాడు.

పుండు మానేదాకా ఆ కాలి మీద బరువు వేయవద్దని డాక్టరమ్మ చెప్పింది. కట్టు మార్పించుకోవాలి, షుగర్ అదుపులో ఉండాలి. మూడు నెలల షుగర్ లెక్క చెప్పే రక్తపరీక్ష చేయించి, అది ఉండాల్సిన దానికంటే ఎక్కువే ఉందని గోళీల మోతాదు మార్చింది. పాదం తరువాత కళ్ళు, మూత్రపిండాలు కూడా ఇట్లాగే చప్పుడు లేకుండా పాడవుతాయి కాబట్టి, నొప్పి కోసం ఎదురుచూడకుండా ఏడాదికొకసారి కంటి లోపలి పొర ఫోటో తీయించుకోవాలని, మూత్రపరీక్ష చేయించుకోవాలని రాసిచ్చింది. అండాలు రెండూ ఆ వారంలోనే చేయించుకుంది. కంటి డాక్టరు బాగున్నాయన్నాడు. "కనపడని కాడ చూడుమని నేనే అందరికి చెప్త," అని ఆమె దారిలో తనలో తాను అన్నట్టు అంది.

ఉద్యోగం సంగతి అనుకున్నంత కష్టం కాలేదు. చలపతిరావు రిసెప్షన్ వెనక గదిలో కుర్చీ వేయించి, కాలు పెట్టుకోవడానికి ఎదురుగా ఇంకొక కుర్చీ వేయించాడు. "మీరు కూర్చున్నా వాళ్ళు భయపడతారండి. దానికేం లోటు రాదు," అన్నాడు. అండాలుకు కుర్చీ అంటే చిన్నతనంగా అనిపించింది. మొదటి పూటంతా ముళ్ళ మీద కూర్చున్నట్టే కూర్చుంది. మధ్యాహ్నానికి దారి దొరికింది. పైఅంతస్తు ఆడవాళ్ళకు వీడియో కాల్ చేసింది.

"ఫోను కిందికి దించు. ఇంక కిందికి. బేసిన్ కిందికి పెట్టు బిడ్డా, నీ మొహం నాకెందుకు."

ఆ పూటకు అన్ని అంతస్తుల్లో సింకుల అడుగులు మెరిసిపోయాయి.

బూట్ల దగ్గరే చలపతిరావు కొంచెం తటపటాయించాడు. "యూనిఫాం రూలు ఉందండి అండాలు గారూ. అందరికీ ఒకే రకం బూట్లు."

"నల్లటివే వేస్త సార్. వెడల్పుగ, మెత్తగ, నా కాలుకు సరిపడేటివి. నా కాలుకు సరిపడనిది నాకు యూనిఫాం ఎట్లయితది?"

ఆయన ఆలోచించి, "అవుననుకోండి," అన్నాడు. ఆ తరువాత బూట్లు ఇచ్చేటప్పుడు అడిగిన సైజు ఇవ్వకుండా, పాదం కొలిచి ఇచ్చే పద్ధతి కూడా ఆయనే పెట్టాడు.

పుండు నెమ్మదిగా మానింది. ఎల్లేశం చేతిలో అద్దం ఉంటే ఇప్పుడు ఆమె కాలు లేపడమే కాదు, అవసరమైనప్పుడు అతను పట్టుకున్నా వెనక్కి లాక్కోవడం లేదు. బతుకమ్మ నాటికి కొత్త తోలు వచ్చింది. వాడలో ఆడవాళ్ళంతా చెప్పులు విడిచి బతుకమ్మ చుట్టూ తిరుగుతుంటే అండాలు మెత్తటి చెప్పులతోనే చప్పట్లు కలిపింది. "చెప్పులేంది అక్కా?" అని ఎవరో అంటే, "పూలకు లేని పరేషాన్ నీకెందుకే," అని ఆట ఆపకుండానే అంది.

దసరా తరువాత ఆమె మళ్ళీ అంతస్తులు ఎక్కడం మొదలుపెట్టింది. డ్యూటీకి ముందు ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గదిలో అందరూ చెప్పులు విప్పి బూట్లు తొడుక్కుంటారు. అక్కడ ఆమె బోడి వేళ్ళు అందరి కంట్లో పడ్డాయి. ఆమె కంటే వయసులో పెద్దదైన సత్తెమ్మ పక్కామె చెవిలో ఏదో అంది. గొణిగింది కాని ఆ గొంతు గొణుగుడుకు పనికొచ్చేది కాదు.

"మొగడు గేట్ల నిలబడ్డడు, ఈమె మట్టెలు ఇప్పి తిరుగుతుంది."

అండాలు సాక్స్ తొడుక్కోవడం ఆపింది. కోపం రాలేదు. ఆ మాట తాను కూడా ఒకనాడు అనగలిగేదే.

"మా ఇంటాయననే తీసిండు సత్తెమ్మక్కా," అంది. "మార్కెట్ నడుమ, రోడ్డు మీద కూసుని, నా కాలు చేతుల పెట్టుకుని తీసిండు. అందరు చూసిన్రు. నీ కాలు ఎన్నడన్న నీ ఇంటాయన చూసిండా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. సత్తెమ్మ కూడా నవ్వబోయి ఆపుకుంది. అండాలు సంచిలోంచి ఇంటి అద్దం తీసి నేల మీద పెట్టింది. ఆ రోజు తేవాలని ముందే అనుకుని తెచ్చింది.

"షుగర్ ఉన్నోళ్ళు ముందుకు రాండ్రి. కనపడని కాడ చూడాలె గద మనం."

ఎవరూ కదలలేదు. అండాలు వేచి చూసింది, బేసిన్ దగ్గర వేలు చూపించి వేచి ఉన్నట్టే. చివరికి సత్తెమ్మ విసురుగా వచ్చి, "నాకేం భయం, నాకు మంట గూడ పోయింది," అంటూ పాదం అద్దం మీదికి ఎత్తింది.

మంట పోయిందన్న మాట అండాలు విన్నది. వంగలేని మోకాళ్ళతోనే గోడ పట్టుకుని కిందికి దిగి, నేల మీద కూర్చుంది. అద్దంలో సత్తెమ్మ మడమ పగులులో ఏదో తళుక్కుమంది. ఆఫీసు కాగితాలకు కొట్టే స్టేపుల్ పిన్ను. లోపలికి దిగి, చుట్టూ తోలు ఎర్రబడి ఉంది.

"అక్కా, ఇది ఎన్నడు గుచ్చుకున్నది?"

"ఏది?" అంది సత్తెమ్మ.

అండాలు అద్దాన్ని ఆమెకు కనపడేట్టు వంచింది. సత్తెమ్మ చూసింది. చాలాసేపు చూసింది. ఆమె మొహంలో వచ్చిన మార్పు అండాలుకు బాగా తెలిసిన మార్పే. ఆమె చేయి పట్టుకుని, "ఏం కాలేదు. ఇంక ఏం కాలేదు. తొందరగనే చూసినం," అంది. "నువ్వు ఇయ్యాల పైకి ఎక్కకు. చలపతిరావు సార్‌తోని నేను మాట్లాడుత. దవాఖానకు పోదాం, నేనొస్త." అప్పటికి ఆమె వెనక ఇంకో నలుగురు సాక్స్ విప్పి నిలబడి ఉన్నారు.

సత్తెమ్మను దవాఖానకు తీసుకుపోవడానికి అండాలు కార్లు దిగే దారి పక్క నుంచే బయటికి వచ్చింది. కొత్త బూట్లు చప్పుడు చేయవు. ఇప్పుడు ఆమె ఎప్పుడు వస్తుందో తెలియక ఆడవాళ్ళు ఇంకా ఎక్కువ జాగ్రత్తగా ఉంటున్నారని చలపతిరావు చెప్పాడు. ఎల్లేశం కూడా ఆమె రావడం వినలేదు. ఒక పెద్ద కారు కిందికి అద్దం తోసి చూస్తున్నాడు. కారు వెనక ఇంకో నాలుగు కార్లు. తల తిప్పేసరికి అండాలు, ఆమె భుజం పట్టుకుని సత్తెమ్మ.

అతను కారుకు పొమ్మని చేయి ఊపి, అద్దం కర్రను అండాలు ముందుకు తోశాడు. అది ఆమె బూట్ల ముందు వచ్చి ఆగింది. వెనక కారులోని కుర్రవాళ్ళు కిటికీ అద్దం దించి చూస్తున్నారు.

మామూలుగా అయితే డ్యూటీలో అండాలు ఇట్లాంటి ఆటలు పడనిచ్చేది కాదు. ఆ రోజు ఆగింది. సత్తెమ్మ భుజం మీద ఒక చేయి వేసుకుని, ఎడమ కాలు లేపి, అద్దం మీదికి చాచింది. బూటు అడుగున దుమ్ము తప్ప ఏమీ లేదు.

"నా చెకింగ్ రాత్రే అయింది," అంది. "ఈమెది చూడు. ఈమెను దవాఖానకు తీస్కపోవాలె. జర ఆటో ఆపు."

ఎల్లేశం కర్ర పక్కన ఆనించి, కార్లన్నిటినీ చేత్తో ఆపి, రోడ్డు మీదికి పోయి ఆటోను కేకేశాడు. ఆటో తిరిగి వచ్చేదాకా కార్లు ఆగే ఉన్నాయి.